చివరి మడి దాకా

పానగల్ అను పేరు వినగానే మన పాఠకుల మనసులో రెండు వేరు వేరు ఊళ్లు మెదులుతాయి. పాలమూరు వైపు వారికి వనపర్తి దగ్గరి పానగల్, దాని గుట్ట, గుట్టమీది పాత కోట గుర్తుకు వస్తాయి. 2016లో వనపర్తి జిల్లా ఏర్పడక ముందు అది మహబూబ్‌నగర్ జిల్లాలోని ఊరు. నల్లగొండ వైపు వారికి అదే పేరు చెప్పండి, పెద్ద చెరువు, పాత రాతి గుడులు, పట్టణమునకు ఆనుకొని ఉన్న ఊరు కనబడుతుంది. పేరు ఒక్కటే, ఊళ్లు రెండు. "పానగల్‌లో కూటములు, అందరు రండి" అని ఎవరైనా ఒక చీటీ వ్రాసి పంపితే సగముమంది ఒక బస్సు, సగముమంది మరొక బస్సు ఎక్కుతారు. చీటీ వ్రాసినవారు అబద్ధమాడలేదు, చదివినవారు నిర్లక్ష్యము చేయలేదు. అయినను కూటములు సగము ఖాళీగా ఉంటాయి. మన నోటినుండి బయలుదేరిన మాట ఎదుటివారి మనసులో ఏ రూపముతో దిగినదో చూచుకొనకపోతే జరిగేది ఇదే.

సంఘ కాపరులు, పెద్దలు, స్త్రీల సమాజపు నాయకురాండ్రు, సండే స్కూలు టీచర్లు కలసి, సంఘములో మనము మాట్లాడు తీరును గూర్చి ఆలోచించుటకు నల్లగొండలో కూడుకున్నాము. రెండు దినములు గదిలో కూర్చున్న తరువాత, మూడవ దినము ఉదయమున పానగల్ చూచి వద్దామని బయలుదేరాము. నల్లగొండ పట్టణమునుండి సుమారు 4 కిలోమీటర్లు. బస్టాండు దగ్గర ఆటోలు దొరుకుతాయి. పట్టణమునకు ఇటు లతీఫ్ సాహెబ్ గుట్ట, అటు కాపురాల గుట్ట కావలివారివలె నిలిచి ఉంటాయి. గుట్టలు వెనుకబడగానే తాటిచెట్లు, పొలములు, దూరమున చెరువుకట్ట కనబడ్డాయి.

రాతిమీద మాట

పానగల్ ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. ఇక్కడి పచ్చల సోమేశ్వర, ఛాయా సోమేశ్వర ఆలయములు ఇంచుమించు తొమ్మిది వందల ఏండ్లనాటివి. ఇవి మనము ఆరాధన చేయు స్థలములు కావు. అయినను ఇవి ఈ నేలమీద బ్రతికిన మన పూర్వికుల చేతిపని. కనుక గౌరవముతో చూచి, నేర్చుకొనదగినది నేర్చుకొనవచ్చునని మా ఉద్దేశము.

పచ్చల సోమేశ్వరాలయపు గోడలమీద రామాయణ భారత కథలను వరుసగా చెక్కారు. చదువు కొద్దిమందికే ఉన్న కాలమది. శిల్పి ఆ సంగతి ఎరిగినవాడు. కనుక గోడ చుట్టు నడచువాడు చూచుచు నడుస్తూ ఉంటే కథ దానంతట అదే ముందుకు సాగేటట్లు పేర్చాడు. మాలో ఒక సండే స్కూలు టీచరమ్మ చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. ఫ్లానెల్ బోర్డుమీద బొమ్మలు అంటించి పిల్లలకు యోసేపు కథ చెప్పినప్పుడు తానును ఇదే చేస్తున్నానని ఆమె అన్నది.

ఆ గుడి ఆవరణములోనే పురావస్తు శాఖవారి మ్యూజియము ఉన్నది. పరిసర గ్రామములలో దొరికిన శిల్పములను అక్కడ భద్రపరచారు. ఈ ఊరిలో శాసనములును కొన్ని దొరికాయి. 1267వ సంవత్సరపు శాసనమొకటి దేవగిరి యాదవ రాజవంశీకుడైన శార్ఙ్గపాణి దేవుడు రాణి రుద్రమదేవికి లోబడినవాడై ఇక్కడి గుడికి దానమిచ్చిన సంగతి చెబుతుంది.

మన దేశపు పాత శాసనములలో తరచుగా కనబడు ఒక పద్ధతి ఉన్నది. రాజును పొగడవలసిన చోట సంస్కృత శ్లోకములు పెద్ద పెద్ద సమాసములతో సాగుతాయి. కాని ఇచ్చిన పొలమెంత, దాని ఎల్లలేవి, ఏ చెరువు క్రింది మడి, తూర్పున ఏ రాయి, పడమట ఏ వాగు అని చెప్పవలసిన చోటికి వచ్చేసరికి భాష మారుతుంది. అది ఊరివారి భాష అవుతుంది. ఎందుకు? పొగడ్త అర్థము కాకపోయినను ఎవరికిని నష్టము లేదు. ఎల్ల అర్థము కాకపోతే రేపు తలలు పగులుతాయి. పొరపాటు పడితే ప్రాణము మీదికి వచ్చు చోట రాజులు సహితము జనుల మాటలోనే చెప్పారు.

మన ప్రసంగ పీఠముల సంగతి ఆలోచించండి. కూటముల వందన సమర్పణలో, అతిథుల పరిచయములో మన మాట ఎంత సులువుగా ఉంటుంది! అదే నిత్యజీవమును గూర్చి, క్షమాపణను గూర్చి, కుటుంబములోని కన్నీటిని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రము బరువైన పదములు దొర్లుతాయి. ప్రవక్తయైన హబక్కూకునకు దేవుడిచ్చిన ఆజ్ఞను జ్ఞాపకము చేసుకొందము. దర్శనమును పలకమీద స్పష్టముగా వ్రాయుమని, పరుగెత్తువాడును చదువగలిగేటట్లు వ్రాయుమని ఆయన సెలవిచ్చాడు (హబ. 2:2). పొలమునకు పరుగెత్తువారు, కూలికి పరుగెత్తువారు, బస్సుకు పరుగెత్తువారే గదా మన సంఘములలో ఎక్కువమంది!

సమాధానము, నిమ్మళము

మా చర్చలో ఒక గ్రామ కాపరి చెప్పిన సంగతి ఇక్కడ వ్రాయక తప్పదు. ఆయన "సమాధానము" అను అంశముమీద మూడు ఆదివారములు ప్రసంగించాడట. మూడవ వారము ఆరాధన ముగిసిన తరువాత ఒక ముసలమ్మ దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, సమాధానం సమాధానం అంటున్నరు గదా, మరి అడిగిన ప్రశ్న ఏంది?" అని అడిగిందట.

ఆమె పరిహాసమాడలేదు. మన బైబిలులో "సమాధానము" అనగా శాంతి, దేవునితోను మనుష్యులతోను సరియైన సంబంధము. ఊరిలోను బడిలోను సమాధానమంటే ప్రశ్నకు జవాబు. మూడు వారములు ఆ తల్లి ప్రశ్న ఏమిటో తెలియని జవాబును విన్నది. ఆ కాపరి కొంతసేపు ఆలోచించి, "అమ్మా, సమాధానమంటే దేవుడిచ్చే నిమ్మళం" అన్నాడట. ఆమె ముఖము వెలిగిందట. "గట్ల జెప్పు కొడుకా! ఆ నిమ్మళం కోసమే గదా నేను ఇంత దూరం నడిచి వస్తున్న" అన్నదట.

మన తెలుగు బైబిలు అనువాదమునకు 19వ శతాబ్దములో పునాది వేసినవారు ఎక్కువగా విశాఖపట్నము వంటి కోస్తా పట్టణములలో పనిచేసినవారు. వారి కృషికి మనమెంతయు ఋణపడి ఉన్నాము. ఆ మాటలు మన ప్రార్థనలో, పాటలో కలిసిపోయాయి. వాటిని తీసివేయుమని మేము అనుట లేదు. చదివిన తరువాత వాటి ప్రక్కన ఊరి మాటను ఒకటి పెట్టుమని అంటున్నాము. "జ్ఞాపకము" అని చదివినప్పుడు "యాది" అని ఒకసారి చెప్పండి. "ఋణస్థులు" అని చదివినప్పుడు "బాకీ పడ్డవాళ్లు" అని చెప్పండి. బాకీ అంటే ఏమిటో మన రైతులకు ఎవరును వివరించనక్కరలేదు. నెహెమ్యా దినములలో జరిగినదిదే. ఎజ్రా చెక్క పీఠముమీద నిలిచి ధర్మశాస్త్రమును చదివాడు. లేవీయులు జనుల మధ్య నిలిచి, చదివినదానికి అర్థము చెప్పి గ్రహింపజేశారు (నెహె. 8:4-8). చదువుట ఒక పని, గ్రహింపజేయుట మరియొక పని. జనులు వాక్యము విని ఏడ్చినది, తరువాత సంతోషించినది గ్రహించినందుననే.

వెలుతురు వచ్చు దారి

పచ్చల సోమేశ్వరమునుండి ఛాయా సోమేశ్వరమునకు పొలముల ప్రక్కగా వెళ్లాము. ఇది మూడు గర్భగుడులు కలిసి ఒకే మండపములోనికి తెరచుకొను గుడి. ఒక గర్భగుడిలో గోడమీద స్తంభపు నీడ ఒకటి పగలంతయు కదలకుండ నిలిచి ఉంటుంది. సూర్యుడు తూర్పుననున్నను, పడమటికి వాలినను అది జరుగదు. ఈ వింత చూచుటకే దూరమునుండి జనులు వస్తారు. భౌతికశాస్త్రము బోధించువారు దీనిని పరిశీలించారు. ఎండ నేరుగా పడుటవలన గాక, ప్రక్కలనుండి మండపములోనికి చెదరి వచ్చు వెలుతురువలనను, స్తంభములను నిలిపిన కొలతవలనను ఈ నీడ ఏర్పడుచున్నదని వారు వివరించారు.

మేము ఆలోచించినది ఇది. ఆ శిల్పులు స్తంభములు నిలుపకముందే వెలుతురు ఏ దిక్కునుండి, ఎట్లు లోపలికి వస్తుందో బాగుగా గమనించి ఉండాలి. మనము నోరు తెరువకముందు వినువారి మనసులోనికి వెలుతురు ఏ దారిన వస్తుందో గమనిస్తున్నామా? ఒకరికి పాట ద్వారా వస్తుంది. ఒకరికి కథ ద్వారా వస్తుంది. మరియొకరికి వారి ఇంటి అరుగుమీద కూర్చుండి మంచినీళ్లు త్రాగి, వారి మాట విన్న తరువాతనే వస్తుంది. యాకోబు వ్రాసినట్లు వినుటకు వేగిరపడువారమై, మాటలాడుటకు నిదానించువారమై ఉండవలెను (యాకోబు 1:19).

యాజకుడైన ఏలీ హన్నాను చూచిన సంగతి మనమెరుగుదుము. ఆమె పెదవులు కదలుట చూచాడు, స్వరము వినలేదు. త్రాగి ఉన్నదని తలంచి గద్దించాడు (1 సమూ. 1:12-14). మందిరములో కూర్చుండి దేవుని సేవ చేయు మనుష్యుడే దుఃఖములో ఉన్న స్త్రీని గుర్తింపలేకపోయాడు. అయితే హన్నా వివరించినప్పుడు ఆయన విన్నాడు, తన మాట మార్చుకున్నాడు, దీవించి పంపాడు. మన కాపరులకు ఆ రెండవ భాగము ఎంతో అవసరము.

చెరువు, తూము, నీరటి

ఎండ ఎక్కకముందే చెరువుకట్ట మీదికి చేరుకున్నాము. ఇది ఉదయసముద్రము. కందూరు చోడ రాజైన ఉదయ చోడుని పేరుమీద వెలసినది. చూపు ఆనినంత మేర నీళ్లు. ఇప్పుడు ఈ చెరువు పాత చెరువుగానే లేదు. నాగార్జునసాగర్ జలాశయపు వెనుక నీళ్లనుండి ఎత్తిపోసిన కృష్ణా జలములు కాలువల ద్వారా ఇక్కడికి వచ్చి నిలుస్తున్నాయి. నల్లగొండవాసుల త్రాగునీటికిని ఇదే ఆధారము.

మెట్టసీమ రైతుబిడ్డలకు చెరువును గూర్చి మేము చెప్పవలసినది లేదు. చెరువు నిండితే మత్తడి దుంకుతుంది. తూము తెరిస్తే కాలువలో నీళ్లు పారుతాయి. ఆ తూము దగ్గర వెనుకటి కాలములో నీరటి ఉండేవాడు. ఏ మడికి ఎప్పుడు, ఎంతసేపు నీళ్లు వదలవలెనో ఆయనకు తెలుసు. తూము తెరచి ఇంటికి పోయి పండుకొనువాడు నీరటి కాడు. పార భుజాన వేసికొని కాలువ వెంబడి నడుస్తాడు. ఎక్కడ గండి పడిందో, ఎక్కడ ఎవరు అడ్డుకట్ట వేసికొన్నారో, ఎక్కడ గడ్డి మొలచి నీళ్లు నిలిచిపోయాయో చూస్తాడు. తూము ప్రక్కన మడి ఎట్లయినను తడుస్తుంది. ఆయకట్టు చివరి మడి తడిసిందా లేదా అన్నదే నీరటి పనితనమునకు గురుతు.

సంఘములో చివరి మడి ఎవరిది? తలుపు దగ్గర చంటిబిడ్డతో కూర్చున్న తల్లిది. చెవి సరిగా వినబడని తాతది. అక్షరము రానందున పాటల పుస్తకము తలక్రిందులుగా పట్టుకొన్నను ఎవరికిని తెలియనీయని అమ్మది. వారమంతయు హైదరాబాదులో అడ్డామీద నిలబడి కూలి చేసి ఆదివారము మాత్రము ఊరికి వచ్చు యువకునిది. ముందు వరుసలో కూర్చుండి తల ఊపువారు నలుగురైదుగురు ఎప్పుడును ఉంటారు. వారిని చూచి ప్రసంగము బాగుగా సాగినదని సంతోషపడుట, తూము ప్రక్క మడిని చూచి ఊరంతయు పండినదని చెప్పుట వంటిది.

ఎర్ర రంగు బోరింగు

నీళ్ల మాట వచ్చినది గనుక ఈ జిల్లా కన్నీటి సంగతి చెప్పక ముందుకు సాగలేము. భూమిలోని ఫ్లోరైడు బావులలోనికి, బోర్లలోనికి దిగి, ఆ నీళ్లు ఏండ్ల తరబడి త్రాగినవారి పండ్లు గారపట్టి, కీళ్లు బిగిసి, వెన్ను వంగిపోయిన గ్రామములు నల్లగొండ జిల్లాలో ఎన్నో ఉన్నాయి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదని నిపుణుల నిర్ణయము. నాగపూరులోని నీరీ అను జాతీయ పరిశోధన సంస్థవారు 1970ల దశకములో పటిక, సున్నము ఉపయోగించి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని రూపొందించి దానికి "నల్గొండ పద్ధతి" అని పేరు పెట్టారు. ఆ పేరు ఆఫ్రికాలోని టాంజానియా, ఇతియోపియా దేశముల వరకు వెళ్లినది.

పేరు అంత దూరము వెళ్లినది గాని, బోరింగు దగ్గర బిందె పట్టుకొని నిలబడిన తల్లి దగ్గరకు సంగతి వెళ్లినదా? ఈ జిల్లాలోని ఒక గ్రామ సంఘపు పెద్ద మాతో చెప్పినది వినండి. చాలా ఏండ్ల క్రిందట వారి వాడలోని బోరింగుకు ఎవరో వచ్చి ఎర్ర రంగు పూసి వెళ్లారట. ఒక కాగితము కూడ ఇచ్చారట. ఆదివారము ప్రకటనల సమయములో ఆ కాగితమును ఉన్నది ఉన్నట్టు చదివారు. అందులో "అనుమతించదగిన పరిమితికి మించి", "వినియోగయోగ్యము కాదు" వంటి మాటలున్నాయి. అందరు విన్నారు, ఆమేన్ అన్నారు. ఇంటికి వెళ్లి అదే బోరింగు నీళ్లు త్రాగారు. రంగు ఎందుకు వేశారో తెలియక, కొత్త రంగు వేసి బాగుచేశారని కొందరు అనుకున్నారట.

సుమారు ఏడాది గడచిన తరువాత, పట్టణములో నర్సుగా పనిచేయుచున్న ఆ ఊరి ఆడబిడ్డ సెలవుమీద వచ్చింది. స్త్రీల కూటములో లేచి నిలబడి ఇట్లు చెప్పింది: "అక్కలారా, ఎర్ర రంగు బోరింగు నీళ్లు పిల్లలకు తాపకండి. ఆ నీళ్లు బొక్కల్లకు దిగుతయి. ఇప్పుడు ఏం కనబడదు. పదేండ్లకు కాళ్లు వంకర పోతయి. అన్నం వండను, తాగను వాగు అవతలి బావి నీళ్లు తెచ్చుకోండి. బట్టలు ఉతకను మాత్రం దీన్ని వాడుకోండి." చెప్పినది నాలుగు మాటలు. ఆ సాయంత్రమే వాడలోని స్త్రీలు బిందెలతో వాగు దాటారట.

కాగితములో ఉన్నదియు ఆమె చెప్పినదియు ఒకే సంగతి. మొదటిది పీఠముమీదనుండి చదివినది, రెండవది మనుష్యులతో చెప్పినది. మధ్యలో గడచిపోయిన ఏడాదిని ఆ పిల్లలకు ఎవరును తిరిగి ఇవ్వలేరు. 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకముతో నదీజలములు ఇంటింటికి చేరి, ఈ పరిస్థితి చాలావరకు మారినది. దేవునికి స్తోత్రము. కాని తెలిసిన మాటలలో చెప్పకపోవుట చిన్న లోపమని ఇకమీదట మనలో ఎవరును అనుకొనకూడదు. తెలియని మాటలు పలుకువాడు గాలితో మాటలాడుచున్నాడని పౌలు కొరింథీయులకు వ్రాసినప్పుడు (1 కొరింథీ. 14:9) ఆయన మనసులో ఇటువంటి భారమే ఉండి ఉండవచ్చును.

ముందు నడచినవారు

ఈ ప్రాంతమునకు సువార్త వచ్చిన విధమును జ్ఞాపకము చేసుకొన్నను ఇదే పాఠము కనబడుతుంది. 1890లో నల్లగొండలో అమెరికన్ బాప్టిస్టు మిషను కేంద్రమును స్థాపించినవారు అబ్రహాము ఫ్రీసెన్ దొరగారు. ఆయన రష్యా దేశపు మెన్నొనైటు బ్రదరెన్ సంఘమునుండి వచ్చినవారు, ఇంటిలో జర్మను భాష మాట్లాడువారు. అటువంటివారు తెలుగు నేర్చుకొని, తెలుగు బోధకులతో కలసి గ్రామములు తిరిగారు.

దక్షిణమున ఒంగోలు సంగతి ఇంకను ప్రసిద్ధము. క్లౌ దొరగారికంటె ముందుగా మాదిగ పల్లెలలో మాట నాటినవారు ఎర్రగుంట్ల పేరయ్యగారు. 1866లో ఆయనయు భార్య నాగమ్మగారును బాప్తిస్మము పొందారు. పేరయ్యగారు తన జనుల మాట, పని, బాధ ఎరిగినవారు. తరువాత 1877-78 నాటి ధాత కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని ఒప్పుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించారు. బోధకులే అక్కడ మేస్త్రీలు. పగలు పని చూచుకొనుచు, పని ఆగిన వేళ జనుల మధ్య కూర్చుండి మాట్లాడారు. వారి కష్టము విన్నారు, ప్రభువును గూర్చి చెప్పారు. కూలి కొరకు నమ్మువారు ఉండకూడదని కరవు తీరువరకు బాప్తిస్మములు ఆపివేశారు. ఆ తరువాత 1878 జూలై 3న వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్యను మనము తరచుగా చెప్పుకుంటాము. దానికి ముందు మన్ను మోయువారి ప్రక్కన కూర్చుండి విన్న నెలలను అంతగా చెప్పుకొనము.

కాపరులకు, పెద్దలకు కొన్ని మాటలు

చెరువుకట్టమీద చెట్టు నీడన కూర్చుండి మాలో మేము అనుకొన్న సంగతులను ఇక్కడ పొందుపరచుచున్నాము. ఇవి గొప్ప సిద్ధాంతములు కావు, ఈ ఆదివారమే చేయదగినవి.

ప్రసంగము సిద్ధపరచునప్పుడు సంఘములోని ముగ్గురిని మనసులో పెట్టుకొనండి. చదువురాని ఒక అవ్వ, పదవ తరగతి చదువు ఒక పిల్లవాడు, ఈ వారము దుఃఖములో ఉన్న ఒకరు. ఈ ముగ్గురికి అందని వాక్యమేదైనా ఉంటే దానిని మరల వ్రాయండి. ఒక ప్రసంగమునకు ఒక్క ముఖ్యాంశము చాలును. ఆరాధన తరువాత "బాగుందా?" అని అడిగితే అందరు బాగుందనే అంటారు. "ఏమి యాదికున్నది?" అని అడగండి. జవాబు వినుటకు ధైర్యము తెచ్చుకొనండి.

మైకు దగ్గర అరవనక్కరలేదు. అరచుటకు బదులుగా మైకు ఉన్నది. చిన్న గదిలో పెద్ద హారన్లు పెట్టితే శబ్దము పెరుగుతుంది, మాట చెదురుతుంది. ఆరంభములోనే ఒకరిని చివర కూర్చోబెట్టి, వినబడకపోతే చెయ్యి ఎత్తుమని చెప్పండి.

ప్రకటనలలో తేదీతోబాటు వారమును, వారముతోబాటు ఊరివారికి తెలిసిన గురుతును చెప్పండి. "14వ తేదీ, గురువారము, సంత మరునాడు" అంటే ఎవరును మరువరు. ఈ దినములలో చాలా సంగతులు వాట్సాప్ గుంపులలో పెట్టి పని ముగిసినదనుకుంటున్నాము. ఇంటిలో ఫోను ఒక్కటే ఉండి అది భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో ఉన్నప్పుడు స్త్రీలకు సంగతి ఎట్లు తెలియును? ఫోనులో పెట్టిన ప్రతి మాటను నోటితో కూడ చెప్పవలెను.

కమిటీలో పేదవారు, స్త్రీలు, యౌవనస్థులు మాట్లాడువరకు పెద్దలు ఆగవలెను. యెరూషలేములో విధవరాండ్రను పంపిణీలో విడిచిపెట్టుచున్నారని సణుగు పుట్టినప్పుడు అపొస్తలులు కోపపడలేదు. శిష్యులనందరిని పిలిచి, అందరి ఎదుట మాట్లాడి, తగినవారిని ఏర్పాటు చేయించారు (అపొ. 6:1-6). లెక్కలును అంతే. ఎంత వచ్చినదో, ఎంత ఖర్చయినదో నోరార చెప్పు సంఘములో అనుమానమునకు చోటు తక్కువ.

తగవు వచ్చినప్పుడు ముందు వెళ్లి అడగండి. యొర్దాను అవతలి గోత్రములవారు ఒక బలిపీఠము కట్టారని విని ఇశ్రాయేలీయులు యుద్ధమునకే కూడివచ్చారు. అయితే కత్తి దూయకముందు ఫీనెహాసును, పదిమంది ప్రధానులను పంపి అడిగారు. అవతలివారు అది సాక్ష్యము కొరకు కట్టినదని చెప్పగా విన్నారు, యుద్ధము మాట మానుకున్నారు (యెహో. 22). మన సంఘములలో ఎన్ని చీలికలు, అడుగకుండ నమ్మిన ఒక్క మాటవలన వచ్చాయో దేవునికే తెలియును. పీఠముమీదనుండి పేరు చెప్పకుండ ఒకరిని దెప్పిపొడుచుట వాక్య పరిచర్య కాదు. ఆ మాట ఎవరికి తగులవలెనని అనుకున్నారో వారికి తగులకుండ, ఏ నేరము ఎరుగని మరి ముగ్గురికి గ్రుచ్చుకొనును.

రోగి మంచము దగ్గర, శవము లేవక ముందు, మాటలు తక్కువ చేయండి. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా నేలను కూర్చున్నప్పుడే ఆయనకు ఎక్కువ ఆదరణ కలిగి ఉంటుంది. నోరు తెరచిన తరువాతనే వారు ఆయనకు బాధకులయ్యారు.

చందుపట్ల రాయి

తిరుగు ప్రయాణము నకిరేకల్ మీదుగా పెట్టుకున్నాము. ఆ మండలములోనే చందుపట్ల అను గ్రామమున్నది. అక్కడ దొరికిన ఒక శాసనము తెలుగువారి చరిత్రలో చాలా విలువైనది. పువ్వుల ముమ్మడి అను ఒక బంటు, రాణి రుద్రమదేవికిని ఆమె సేనాని మల్లికార్జున నాయకునికిని పుణ్యలోకము కలుగవలెనని కొంత భూమి దానమిచ్చి ఈ రాయి వేయించాడు. దాని తేదీ 1289 నవంబరు 27 అని లెక్కకట్టారు. అంతవరకు రుద్రమదేవి 1295 ప్రాంతము వరకు జీవించినదని చరిత్రకారులు అనుకునేవారు. ఆస్థాన కవులు చెప్పని సంగతిని ఒక సామాన్య సేవకుడు వేయించిన చిన్న రాయి చెప్పినది. ఎవరికొరకు, ఎవరు, ఏమి ఇచ్చారు, ఎప్పుడు అని అందులో ఉన్నది. ఏడు వందల ఏండ్లు దాటినను ఆ మాట చెక్కు చెదరలేదు.

ప్రియ కాపరులారా, పెద్దలారా, మనకు అప్పగింపబడినది రాణి మరణ వార్త కాదు, మరణమును గెలిచిన ప్రభువు వార్త. దానికి అలంకారములు అక్కరలేదు. మన ప్రభువు దోనెలో కూర్చుండి, ఒడ్డున నిలిచినవారికి విత్తనములను గూర్చి చెప్పాడు; వలలను గూర్చి, పోయిన గొర్రెను గూర్చియు చెప్పాడు. సామాన్యులు ఆయన మాటలు సంతోషముతో విన్నారు. చెరువులో నీళ్లకు కొదువ లేదు, వాక్యము సమృద్ధిగా ఉన్నది. పార భుజాన వేసికొని కాలువ వెంబడి నడచువారు కావలెను. ఈ వారము మీ సంఘములో చివరి వరుసలో కూర్చున్న ఒకరి ఇంటికి వెళ్లండి. బోధించుటకు వెళ్లవద్దు, వినుటకు వెళ్లండి. ప్రభువు మీ చెవిని, మీ నాలుకను దీవించును గాక. ఆమేన్.